నారు ముదరనివ్వకు

చీరాల,
ఆదివారం ఉదయం

అమ్మలూ,

మొన్న ఫోనులో నువ్వన్న మాట ఇంకా నా మనసులోనే తిరుగుతోంది. "ఈ కోర్సువర్కు ఒకటి అయిపోతే చాలు మామయ్యా, అప్పుడు అసలు పని మొదలుపెడతాను" అన్నావు. మెస్సు మూసేస్తారని అంతలోనే పెట్టేశావు. దానికి నేను చెప్పాలనుకున్న జవాబు ఫోనులో తేలేది కాదు. అందుకని తీరిగ్గా కూర్చుని ఈ ఉత్తరం రాస్తున్నాను.

'అసలు పని' అన్నావే, అక్కడే నాకు గుచ్చుకుంది. నువ్వు గదిలో కూర్చుని వింటున్న ఆ పాఠాలు, వారం వారం చేస్తున్న ఆ పత్రసమర్పణలు అసలు పని కాదనుకుంటే, తర్వాత మూడేళ్ళూ నీకు చాలా కష్టమవుతుంది తల్లీ.

మీరు ఆ పత్రాలు చదివే సెమినార్ ఉందే, ఆ మాట లాటిన్‌లోని 'సెమినారియం' నుంచి వచ్చింది. దాని అర్థం నారుమడి. జర్మనీలో హాలే విశ్వవిద్యాలయంలో 1787లో వుల్ఫ్ అనే గ్రీకు పండితుడు ఇలాంటి సెమినార్ ఒకటి పెట్టాడు. అక్కడ విద్యార్థి వచ్చి ఉపన్యాసం విని వెళ్ళిపోతే సరిపోదు. తానే ఒక పాఠాన్ని తీసుకుని వ్యాఖ్యానించాలి, తోటివాళ్ళ ప్రశ్నలకు నిలబడాలి. తర్వాత బెర్లిన్‌లో రాంకే అనే చరిత్రకారుడు విద్యార్థులను తన ఇంట్లోనే కూర్చోబెట్టుకుని పాత పత్రాలతో ఇదే పని చేయించాడు. ఇవాళ మీ డిపార్టుమెంటులో బల్ల చుట్టూ పదిమంది కూర్చుని చేసేది దాని సంతతే.

నారుమడి సంగతి నీకు తెలియదు కానీ మీ అమ్మకు బాగా తెలుసు, అడుగు. నారు పోసిన నెల లోపల పీకి నాటెయ్యాలని తాతయ్య ఆరాటపడేవారు. కొమ్మమూరు కాలవకు నీళ్ళు ఆలస్యమైన ఏడు ఆయనకు రాత్రిళ్ళు నిద్ర ఉండేది కాదు. ముదిరిన నారు నాటితే పిలక సరిగా వెయ్యదు. చేను పచ్చగానే కనపడుతుంది గానీ గింజ దగ్గరికి వచ్చేసరికి తెలుస్తుంది. పరిశోధకులను ముప్ఫై ఏళ్ళు చూశాక చెబుతున్నాను, ఆలోచన సంగతీ అంతే. ఎవరైనా ఎత్తుకుపోతారేమోనని, ఇంకా పూర్తి కాలేదని నాలుగేళ్ళు దాచి, చివరికి సిద్ధాంత గ్రంథంలో ఒక్కసారే బయటపెట్టినవాళ్ళున్నారు. వాళ్ళ ఆలోచన అప్పటికే ముదిరిపోయి ఉంటుంది. ఎవరు ప్రశ్నించినా దానికి ఇక కొత్త పిలక రాదు.

మా కాలంలో ఎం.ఫిల్. ఉండేది. చిన్న అంశం ఒకటి తీసుకుని, తప్పులు చేసి, గైడు చేత దిద్దించుకోవడానికి అదే చోటు. యూజీసీ 2022 నియమాలతో అది పోయింది. ఇప్పుడు మీకు కనీసం 12 క్రెడిట్ల కోర్సువర్కు, అందులో 55 శాతం మార్కులు, ఆ తర్వాత నేరుగా సిద్ధాంత గ్రంథం. అంటే మేము రెండేళ్ళలో చేసిన తప్పులన్నీ నువ్వు ఈ ఒకటి రెండు సెమిస్టర్లలోనే చేసుకోవాలి. అంత విలువైన కాలాన్ని ఎప్పుడు గడిచిపోతుందా అని ఎదురుచూడకు.

పరిశోధన పద్ధతుల క్లాసులో పరికల్పన, నమూనా సేకరణ, గణాంక పరీక్షలు చెబుతున్నారని, పాత పత్రికల్లో ఆడవాళ్ళు రాసిన ఉత్తరాల మీద పనిచేసే నీకు అవెందుకని విసుక్కున్నావు. ఆ విసుగులో న్యాయం ఉంది. సామాజిక శాస్త్రాలకు కుట్టిన చొక్కా సాహిత్యానికి తొడిగితే భుజాల దగ్గర బిగుసుకుంటుంది. అయితే విసుక్కుని ఊరుకోకు. మనకంటూ ఉన్న పద్ధతి నేర్పమని మీ మేడంగారిని మర్యాదగా అడుగు. 1909లో మానవల్లి రామకృష్ణకవి నన్నెచోడుడి కుమారసంభవాన్ని అచ్చు వేయించి, ఈ కవి నన్నయ కంటే ముందువాడన్నారు. దాని మీద ఎన్నేళ్ళు వాదాలు నడిచాయో నీకు ఎం.ఏ.లో చెప్పే ఉంటారు. శాసనాలు, ఛందస్సు, వ్యాకరణం, కవి చెప్పుకున్న వంశం, ఏది ఎంతవరకు ఆధారమవుతుంది, ఎక్కడ ఆగిపోతుంది? ఆ వాదాలు రెండు వైపులవీ తెచ్చి నలుగురూ పంచుకుని ఒక నెల సెమినార్ చేయండి. తెలుగు పరిశోధన పద్ధతికి అంతకంటే మంచి పాఠ్యపుస్తకం నేను చూడలేదు.

ఇక నా సంగతి ఒకటి చెబుతాను. ఇది మీ అత్తకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

నేను పరిశోధనలో చేరిన రెండో ఏడు ఒక సెమినార్‌లో పత్రం చదివాను. ఒక పాత నాటకం మొదటి ముద్రణ సంవత్సరం పట్టుకుని, రచయిత మీద ఫలానా ఉద్యమ ప్రభావం ఉందని మూడు పేజీలు వాదించాను. చదవడం అయ్యాక వెనక వరసలోంచి ఒక ముసలాయన లేచారు. రిటైరైన బడిపంతులు. చేతిసంచిలోంచి పాత క్యాలెండరు కాగితం అట్ట వేసిన పుస్తకం తీసి ముందు వరసకు అందించారు. అది చేతులు మారుతూ నా దగ్గరికి వచ్చింది. ముఖపత్రం తిప్పితే మడత దగ్గర పురుగు తిన్న చిల్లు, దాని పక్కనే చిన్న అక్షరాల్లో 'ద్వితీయ ముద్రణము'. కింద నేను మొదటి ముద్రణ అని చెప్పిన సంవత్సరమే ఉంది. ఆ పుస్తకం నేను అంతకుముందు కళ్ళతో చూడలేదు. వేరే సిద్ధాంత గ్రంథంలోంచి ఆ సంవత్సరం ఎత్తి రాసుకున్నాను. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు, "బాబూ, మొదటి ముద్రణ నా దగ్గరా లేదు, వెతుకుదాం" అన్నారంతే. ఆ అధ్యాయం మళ్ళీ మొదటినుంచి రాశాను. అదే తప్పు వైవా బల్ల మీద బయటపడి ఉంటే ఏమయ్యేదోనని ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

అందుకే చెబుతున్నాను, రీసెర్చి ఎథిక్స్ క్లాసును హాజరు కోసం వెళ్ళే క్లాసుగా చూడకు. సాఫ్ట్‌వేర్‌లో పోలిక 10 శాతం లోపు వస్తే చాలని మీ వాళ్ళు అనుకుంటారు. చూడని పుస్తకాన్ని చూసినట్టు రాస్తే ఏ సాఫ్ట్‌వేరూ పట్టుకోదు. ఆ కాపలా నీదే.

బయట జరిగే జాతీయ సదస్సుల గురించి కూడా అడిగావు. 2016 నియమాల్లో సిద్ధాంత గ్రంథం సమర్పించే ముందు రెండు సదస్సు పత్రాలు, ఒక జర్నల్ వ్యాసం తప్పనిసరి అన్నారు. దాంతో సర్టిఫికెట్ కోసం ఊరూరా తిరగడం మొదలైంది. 2022లో యూజీసీ ఆ షరతు ఎత్తేసింది. మీ విశ్వవిద్యాలయం సొంతంగా ఏమైనా ఉంచుకుందేమో ఆఫీసులో కనుక్కో. ఎన్నో సదస్సుల్లో ప్రారంభ సభ, శాలువాలు, జ్ఞాపికలు అయ్యేసరికి మధ్యాహ్నం ఒంటిగంట. భోజనాలయ్యాక పరిశోధకులను మూడు గదుల్లోకి పంచి తలా ఐదు నిమిషాలిస్తారు. అలాంటివి ఆరు చేసినా పనికిరావు. ఏడాదికి ఒకటి ఎంచుకో. నీ అంశం తెలిసినవాళ్ళు ఇద్దరైనా వస్తున్నారో లేదో ఆహ్వాన పత్రంలో చూసి వెళ్ళు. పదిహేను నిమిషాలంటే ఆరు పేజీలు మించకు. నీ వంతు అయిపోగానే సంచి సర్దుకుని లేచిపోకు. చివరి పత్రం వరకూ కూర్చో, ప్రతి పత్రానికీ ఒక ప్రశ్న రాసుకో. అడిగినా అడగకపోయినా, రాసుకోవడం మాత్రం మానకు.

ఇంకొకటి. మీ డిపార్టుమెంటు గడప దాటు. గృహలక్ష్మి పత్రిక 1928లో మొదలైంది. బాల్యవివాహాల మీద శారదా చట్టం 1929లో వచ్చింది. నువ్వు చదవబోయే ఉత్తరాల్లో ఆ చట్టం గురించి కోపంగానో సంతోషంగానో రాసినవి తప్పక తగులుతాయి. ఆ చట్టంలో ఏముందో, ఎవరెందుకు అడ్డుపడ్డారో తెలియకపోతే ఆ తల్లులు రాసిన సగం మాటలు నీకు అందవు. చరిత్ర విభాగంలో సంఘ సంస్కరణల కోర్సు ఉంటే క్రెడిట్లు రాకపోయినా వెళ్ళి వెనక బెంచీలో కూర్చో. ముందుగా ఆ సారుని అడిగి వెళ్ళు, ఎవరూ కాదనరు.

ఈ సెమిస్టరు పత్రానికి పెద్ద అంశం పెట్టుకోకు. ఒకే ఒక్క ఉత్తరం తీసుకో. రాసినావిడ పేరు పెట్టిందా, ఊరు చెప్పిందా, సంపాదకులు కింద ఏమైనా జోడించారా, తర్వాతి సంచికలో ఎవరైనా జవాబిచ్చారా, ఇవి చూడు. ఎనిమిది పేజీలు రాసి, తెలియనివి తెలియవని అందులోనే ఒప్పుకుని, బల్ల మీద పెట్టు. తోటివాళ్ళు పీకి చూస్తారు, చూడనివ్వు. నీకు ఏడుపొస్తే ఆ రాత్రి నాకు ఫోన్ చెయ్యి.

సంక్రాంతికి వచ్చినప్పుడు రెండు రోజులు ఎక్కువ ఉండేట్టు రా. వేటపాలెం సారస్వత నికేతనానికి వెళదాం. 1918 నాటి గ్రంథాలయం అది, పాత పత్రికలు జాగ్రత్తగా దాచారు. నీకు కావలసిన సంచికలు ఏమేమున్నాయో ఈ వారంలో నేనే వెళ్ళి చూసి, సంపుటి, సంచిక నంబర్లతో రాసి పంపుతాను. నువ్వు రాసిన ఎనిమిది పేజీలు మాత్రం ముందే పోస్టులో పంపు. మార్జిన్ బాగా వదిలి, అక్షరాలు పెద్దవి పెట్టించు.

ఆశీస్సులతో,
మామయ్య