గదిలో గోడలు కూడా పాడతాయి

సామాను చేర్చని కొత్త ఇంట్లో పాడితే గొంతు ఖంగున మోగుతుంది. వినడానికి ఇంపుగానే ఉంటుంది. అదే పాటను ఫోనులో రికార్డు చేసి వినండి, బావిలోంచి పాడినట్లుంటుంది! మనకు రెండు చెవులున్నాయి. వాటి సాయంతో మెదడు గొంతును ఏరుకొని, గోడల మోతను కొంత పక్కకు నెడుతుంది. ఒంటిచెవి మైక్రోఫోనుకు ఆ నేర్పు లేదు.

ధ్వని గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. ప్రతిధ్వని విడిగా వినపడాలంటే గోడ 17 మీటర్ల దూరాన ఉండాలని మీ పాఠంలో ఉన్నది కదా! మన గదిలో గోడ 2 మీటర్లలోనే ఉంటుంది. తగిలి తిరిగి రావడానికి 12 మిల్లీసెకన్లు చాలు. అందుచేత అది విడిగా వినపడక, అసలు ధ్వనిలో కలిసి సాగుతుంది. ఇదే ప్రతినాదం.

1895లో హార్వర్డు విశ్వవిద్యాలయంలో ఒక ఉపన్యాసశాల కట్టారు. అందులో ఒక్క మాట అంటే అయిదున్నర సెకన్లు మోగేది. పాఠం ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. సంగతి తేల్చమని వాలేస్ సబైన్ అనే యువ భౌతికశాస్త్ర ఉపాధ్యాయునికి అప్పగించారు. ఆయన దగ్గరలోని నాటకశాల నుండి కుర్చీల మెత్తలు రాత్రిళ్ళు మోయించి, ఒక ఆర్గన్ గొట్టం ఊది, మోత ఎంతసేపు నిలుస్తుందో గడియారంతో కొలిచాడు. మెత్తలు పెరిగినకొద్దీ మోత తగ్గింది. భవన ధ్వనిశాస్త్రానికి పునాది ఆ మెత్తలే!

మనకు బొంతలూ పరుపులూ ఉన్నాయి. మా గుండుగొలను వైపు కోతలయ్యాక ధాన్యం బస్తాలు నింపిన గదిలో మాట్లాడి చూడండి, మోత చచ్చిపోతుంది. కొందరు గోడలకు కోడిగుడ్ల అట్టలు అంటిస్తారు. నా ఉద్దేశంలో అది వృథా శ్రమ. పలచని అట్ట పీల్చుకునేది తక్కువ. హైవే మీద లారీల హోరునైతే అసలు ఆపలేదు.

మైకుకు జానెడు దూరంలో పాడాలి. దూరం రెట్టింపైతే నేరుగా చేరే ధ్వని తీవ్రత నాలుగో వంతవుతుంది, గది మోత మాత్రం దాదాపు అలాగే ఉంటుంది. ఇక నోటి ముందు అరచేయి పెట్టి “ప”, “భ” అనండి. గాలి తగిలిందా? మైకులో అది ‘డబ్’ మంటుంది. తీగ చట్రానికి నైలాను మేజోడు బిగించి మధ్య నిలిపితే సరి.

సినిమాపాటలకు ఒకప్పుడు గాయకులూ వాద్యబృందమూ ఒకేసారి పాడి, వాయించేవారు. ఎ.ఆర్. రెహమాన్ 1989లో మద్రాసులో తన ఇంటి ఆవరణలోనే స్టూడియో పెట్టుకొన్నారు. ఇప్పుడు గొంతునూ వాద్యాలనూ విడివిడిగా పట్టి, తర్వాత కలుపుతారు. దీన్నే మిక్సింగు అంటారు. పాట వినపడకపోతే గొంతు పెంచకండి, హార్మోనియం తగ్గించండి. 80 హెర్ట్జ్‌లకు దిగువన మన గొంతులో దాదాపు ఏమీ ఉండదు. ఆ భాగం తీసేస్తే లారీల హోరు చాలావరకు పోతుంది.

ప్రతినాదం అలా పోదు. తర్వాత కలపడం తేలిక, ఉన్నదాన్ని పూర్తిగా తీయడం కంప్యూటరుకూ కష్టమే. మా బడి పిల్ల ఒకతె నాయనమ్మ పాడిన ఊడ్పుల పాటలను ఖాళీ హాలులో, ఫ్యాను కింద రికార్డు చేసింది. నాయనమ్మ ఇప్పుడు లేదు. ఫ్యాను హోరు తగ్గింది గాని, చాలా మాటలు మోతలో కలిసిపోయాయి. ఆ పాటలు తెలిసిన ముసలమ్మ వీధిలో ఇంకొకామె ఉంది. ఈసారి పిల్ల బొంతలు కట్టి, ఫ్యాను అక్కరలేని తెల్లవారుజామున కూర్చోబెట్టింది.