కాఫీ హోటలు: నలుగురూ కూర్చునే చోటు

పాఠ్యభాగ పరిచయం

ఒక విషయాన్ని క్రమబద్ధంగా, సహేతుకంగా వివరించే వచన రచనను వ్యాసం అంటారు. ఈ పాఠం వ్యాస ప్రక్రియకు చెందినది. నగర జీవనంలో కాఫీ హోటలు సంభాషణకూ, పనికీ ఏ విధంగా వేదిక అవుతున్నదో, అటువంటి వేదికను రూపొందించేటప్పుడు గమనించవలసిన అంశాలేమిటో తెలియజేయడం దీని ఉద్దేశం. మన చుట్టూ ఉన్న కట్టడాలను ఆలోచనాదృష్టితో పరిశీలించే అలవాటును విద్యార్థులలో పెంపొందించడం మరొక ఉద్దేశం.

పాఠ్యభాగం

మనిషికి ఇల్లు ఒక చోటు. చదివే కళాశాలయో, పనిచేసే కార్యాలయమో, శ్రమించే పొలమో మరొక చోటు. ఈ రెండింటికీ నడుమ మూడవ చోటు ఒకటి ప్రతి సమాజానికీ అవసరం. అక్కడ ఎవరూ ఎవరికీ యజమాని కారు, సేవకుడూ కారు. వచ్చినవారు కూర్చుంటారు, మాట్లాడుకుంటారు, తమ దారిన తాము వెళ్ళిపోతారు. అమెరికా సమాజశాస్త్రవేత్త రే ఓల్డెన్‌బర్గ్ 1989లో ప్రచురించిన గ్రంథంలో ఇటువంటి చోటును ‘మూడవ స్థలం’గా వర్ణించాడు. పేరు కొత్తదే గాని భావన మనకు కొత్తది కాదు. మన పల్లెలలో రచ్చబండ చేసిన పని ఇదే.

ఊరు పెరిగి పట్టణమైనప్పుడు రచ్చబండ స్థానాన్ని హోటలు ఆక్రమించింది. కర్ణాటక సరిహద్దున ఉన్న హొళగుందలో తెలుగూ, కన్నడమూ ఒకే బల్లమీద వినిపించేది హోటలులోనే. పత్తి అమ్మకానికి ఆదోని మార్కెట్ యార్డుకు వచ్చిన రైతు ధరవరలు ముచ్చటించుకొనేదీ, ఎమ్మిగనూరు నేతకారుడు మగ్గం దిగి కాసేపు సేదదీరేదీ ఉగ్గాని బజ్జీలు, వేడి టీ, కాఫీలు దొరికే హోటలు వద్దనే. అయితే చిన్న హోటళ్ళు పెక్కు నిలబడి తాగి వెళ్ళడానికే అనువుగా ఉంటాయి. తీరికగా కూర్చుని మాట్లాడుకోవడానికి, చదువుకోవడానికి, చిన్న పని చక్కబెట్టుకోవడానికి అనువైన హోటలును కట్టాలంటే ప్రత్యేకమైన ఆలోచన కావాలి.

ఆ ఆలోచన కాఫీతో గాక కుర్చీతో మొదలుకావాలి. ఆ కుర్చీలో ఎవరు కూర్చోవచ్చు? ఎంతసేపు కూర్చోవచ్చు? కూర్చుని ఏమి చేయవచ్చు? ఈ మూడు ప్రశ్నలకు కట్టడం ఇచ్చే సమాధానమే దాని రూపకల్పన.

కాఫీ గృహాల పూర్వ చరిత్ర

కాఫీ గృహాలు 16వ శతాబ్ది మధ్యభాగంలో ఇస్తాంబుల్ నగరంలో వెలిశాయి. మరొక శతాబ్దానికి అవి ఆక్స్‌ఫర్డ్, లండన్ నగరాలకు చేరాయి. లండన్‌లో ఒక్క పెన్నీ చెల్లించినవాడు కాఫీ తాగుతూ వార్తాపత్రికలు చదవవచ్చు, పండితుల వాదాలు వినవచ్చు. అందుచేతనే ప్రజలు వాటిని ‘పెన్నీ విశ్వవిద్యాలయాలు’ అని పిలుచుకొన్నారు. అక్కడి స్వేచ్ఛా సంభాషణకు జంకిన రాజు రెండవ చార్లెస్ 1675 డిసెంబరులో కాఫీ గృహాలను మూసివేయవలసిందిగా ప్రకటన జారీచేశాడు. ప్రజల నిరసనకు తలవంచి కొద్ది దినాలకే దానిని ఉపసంహరించుకొన్నాడు.

కాఫీ గృహం పనిచేసే చోటుగా మారడం కూడా నేటి వింత కాదు. ఎడ్వర్డ్ లాయిడ్ అనే వ్యక్తి 1680 దశకంలో లండన్‌లో నడిపిన కాఫీ గృహానికి ఓడల యజమానులు, నావికులు, వర్తకులు వచ్చేవారు. ఏ ఓడ ఎక్కడ ఉన్నదో అక్కడ తెలిసేది. ఓడలకు బీమా ఒప్పందాలు ఆ బల్లలమీదనే కుదిరేవి. నేడు ప్రపంచ ప్రసిద్ధి పొందిన లాయిడ్స్ బీమా సంస్థకు మూలం ఆ కాఫీ గృహమే.

ఎవరు కూర్చోవచ్చు?

ఈ ప్రశ్నకు మన దేశ చరిత్రలో చేదైన సమాధానం ఉన్నది. కర్నూలు మండలం మద్రాసు రాజధానిలో అంతర్భాగంగా ఉన్న రోజులలో ఆ రాజధానిలోని కాఫీ హోటళ్ళు పెక్కింటిలో బ్రాహ్మణులకు వేరుగా పంక్తి ఉండేది. దళితులకు లోపల ప్రవేశమే ఉండేది కాదు. కొన్నిచోట్ల వారికి వేరు గ్లాసు పెట్టి వెలుపల నిలబెట్టేవారు. ఒక గోడ, ఒక కిటికీ, ఒక గ్లాసు మనిషికీ మనిషికీ మధ్య దూరాన్ని కొలిచేవి. 1950లో అమలులోకి వచ్చిన భారత రాజ్యాంగం 17వ అధికరణం ద్వారా అస్పృశ్యతను రద్దుచేసింది. మతం, కులం, లింగం మొదలైన కారణాలతో దుకాణాలలో, హోటళ్ళలో ఎవరి ప్రవేశాన్నీ నిరోధించరాదని 15వ అధికరణం శాసించింది. ఆ నిషేధాన్ని అమలుపరచడానికి 1955లో అస్పృశ్యతా నేరాల చట్టం వచ్చింది. చట్టం తలుపు తెరిచింది. తెరిచిన తలుపు అందరికీ ఆహ్వానంగా కనిపించేటట్లు చేయడం నిర్మాత బాధ్యత.

నేటికీ మన పట్టణాలలో ఈ బాధ్యత పూర్తిగా తీరలేదు. ఆదోనిలో కళాశాల ముగించుకొని ఊరి బస్సుకోసం గంటన్నర వేచి ఉండవలసిన విద్యార్థిని ఎక్కడ కూర్చుంటుంది? ఆమె సహాధ్యాయి వీధి మూల హోటలులో నిస్సంకోచంగా కూర్చుంటాడు. ఆమె బస్‌స్టాండులో నిలబడుతుంది. హోటలు గడపమీద నిషేధపు రాత ఏదీ ఉండదు. అయినా చీకటిగా ఉన్న లోపలి భాగం, అందరూ పురుషులే నిండిన బల్లలు, మరుగుదొడ్డి లేకపోవడం ఆమెను వెనుకకు పంపుతాయి. ‘ఫ్యామిలీ రూము’ పేరుతో తెరచాటు గది కేటాయించడం సగం పరిష్కారమే. తెర వెనుక చోటు ఇవ్వడమంటే అసలు చోటు ఆమెది కాదని చెప్పడమే గదా! వీధికి ఎదురుగా వెడల్పయిన కిటికీలు, లోపల ప్రతి మూలకూ వెలుతురు, శుభ్రమైన మరుగుదొడ్డి, లోపలికి రాకముందే ఎవరెవరు కూర్చున్నారో కనిపించే ద్వారం ఉంటే ఆ సంకోచం చాలావరకు తొలగిపోతుంది. చక్రాల కుర్చీ పట్టాలంటే ద్వారం 90 సెంటీమీటర్లకు తగ్గకూడదు. ఒక అడుగు ఎత్తు ఎక్కడానికి కనీసం పన్నెండు అడుగుల పొడవైన వాలుదారి అవసరం.

ఎంతసేపు కూర్చోవచ్చు?

ఇది యజమానికి జీవన్మరణ సమస్య. ఒక చిన్న లెక్క చూడండి. వచ్చినవాడు ఇరవై నిమిషాలలో లేచిపోతే ఒక కుర్చీమీద గంటకు మూడు కప్పులు అమ్ముడుపోతాయి. ఒకే కప్పుతో రెండు గంటలు కూర్చుంటే గంటకు అర కప్పే అవుతుంది. రాబడి ఆరవ వంతుకు పడిపోయింది. స్థలం అద్దె మాత్రం తగ్గదు. అందుచేత కొందరు యజమానులు గట్టి కుర్చీలు వేసి, గోడమీద హెచ్చరికలు రాసి, వచ్చినవారిని త్వరగా లేపుతారు. మరికొందరు కప్పు ధరను పెంచి, డబ్బున్నవారికే ఆ కుర్చీని పరిమితం చేస్తారు. మొదటి పద్ధతిలో సంభాషణ నశిస్తుంది. రెండవ పద్ధతిలో సమానత్వం నశిస్తుంది.

ఈ చిక్కుకు హైదరాబాదు, సికింద్రాబాదు నగరాలలోని ఇరానీ హోటళ్ళు చక్కని ఉపాయం చూపాయి. ఇరాన్ నుండి వలస వచ్చినవారు నెలకొల్పిన ఈ హోటళ్ళు తరచుగా రెండు వీధులు కలిసే మూలన ఉంటాయి. ముందుభాగంలో నిలబడి టీ తాగేవారు, ఉస్మానియా బిస్కట్లు కొనుక్కొని వెళ్ళేవారు ఎడతెగక వస్తూ ఉంటారు. లోపల పాలరాతి బల్లలచుట్టూ కొయ్య కుర్చీలలో కూర్చున్నవారు తీరికగా ముచ్చటించుకొంటారు. నిలబడినవారి వేగం కూర్చున్నవారి తీరికను పోషిస్తుంది. హైదరాబాదు ఆబిడ్స్‌లో ఒకప్పుడు ఉండిన ఓరియంట్ హోటలు మఖ్దూం మొహియుద్దీన్ వంటి కవులకు, రాజకీయ కార్యకర్తలకు, పాత్రికేయులకు కూడలిగా పేరుపొందింది. అక్కడ కప్పు ఖాళీ అయినా కుర్చీ ఖాళీ చేయనక్కరలేదు. ఆ కాలపు హోటళ్ళు కొన్ని తరువాత మూతపడ్డాయి. నగరపు నడిబొడ్డున స్థలం విలువ పెరిగేకొద్దీ తీరికకు చెల్లించవలసిన మూల్యమూ పెరిగింది.

యాజమాన్య పద్ధతిని మార్చడం మరొక ఉపాయం. కాఫీ బోర్డు తాను నడిపిన కాఫీ హౌస్‌లను మూసివేయగా ఉద్యోగాలు కోల్పోయిన కార్మికులు కమ్యూనిస్టు నాయకుడు ఎ.కె. గోపాలన్ ప్రోత్సాహంతో సహకార సంఘాలుగా ఏర్పడి, 1957 నుండి ‘ఇండియన్ కాఫీ హౌస్’లను తామే నడపసాగారు. వడ్డించేవారే యజమానులు కాబట్టి లాభం ఒక్కటే లక్ష్యం కాలేదు. కప్పు ధర సామాన్యునికి అందుబాటులో నిలిచింది.

కూర్చుని ఏమి చేయవచ్చు?

1996లో బెంగళూరు బ్రిగేడ్ రోడ్డులో ప్రారంభమైన తొలి కెఫే కాఫీ డే కాఫీతోపాటు ఇంటర్నెట్‌ను కూడా అందించింది. అప్పటినుండి కాఫీ బల్లమీదికి కంప్యూటరు వచ్చింది. దానితో కొత్త సంఘర్షణ తలెత్తింది. మాట్లాడుకొనేవారికి సందడి కావాలి, పనిచేసుకొనేవారికి నెమ్మది కావాలి. ఒకే కప్పు కింద ఇద్దరికీ చోటు కల్పించడమే నేటి రూపశిల్పికి పరీక్ష.

మొదటి అంశం శబ్దం. చుట్టూ రొద పెరిగినప్పుడు మనిషి తనకు తెలియకుండానే గొంతు పెంచుతాడని ఫ్రెంచి వైద్యుడు ఎటియెన్ లొంబార్ 1911లో వివరించాడు. ఒక బల్లవద్ద గొంతు పెరిగితే పక్క బల్లవద్దా పెరుగుతుంది. క్షణాలలో గదంతా హోరెత్తుతుంది. గాజు, పాలరాయి, నున్నని గచ్చు శబ్దాన్ని తిప్పికొడతాయి. మందపాటి గుడ్డ, పుస్తకాల అరలు, గరుకు గోడలు దానిని కొంతవరకు పీల్చుకొంటాయి. కాఫీ గింజలు మరపట్టే యంత్రాన్ని ద్వారం వైపు ఉంచి, చదువుకొనే మూలను దానికి దూరంగా ఏర్పాటుచేయాలి.

రెండవ అంశం బల్ల ఎత్తు. రాసుకోవడానికి సుమారు 75 సెంటీమీటర్ల బల్ల, 45 సెంటీమీటర్ల కుర్చీ అనుకూలం. మోకాళ్ళ ఎత్తున్న బల్ల, మెత్తని సోఫా కబుర్లకు బాగుంటాయి గాని పనికి పనికిరావు. కాబట్టి ఇద్దరికి సరిపడే చిన్న బల్లలు, అపరిచితులు సైతం పక్కపక్కన కూర్చోగల పొడవైన బల్ల ఒకటి, గోడవెంట విద్యుత్ ప్లగ్గులున్న ఒంటరి స్థానాలు, ఈ మూడు రకాలూ ఉండాలి.

మూడవ అంశం వెలుతురు, గాలి. ఇందుకు తిరువనంతపురం బస్‌స్టాండు సమీపంలోని ఇండియన్ కాఫీ హౌస్ గొప్ప ఉదాహరణ. దానిని రూపొందించినవాడు ఇంగ్లండులో జన్మించి, భారత పౌరుడై, పేదల ఇళ్ళ నిర్మాణానికి జీవితాన్ని అంకితం చేసిన వాస్తుశిల్పి లారీ బేకర్. ఇరుకైన స్థలంలో ఆయన ఎర్రటి ఇటుకలతో గుండ్రని బురుజువంటి కట్టడాన్ని లేపాడు. లోపల మెట్లు, అంతస్తులు లేవు. శంఖంలోని మెలికవలె ఒకే వాలుదారి పైకి సాగుతుంది. దాని వెలుపలి గోడను ఆనుకొని బల్లలు, కూర్చునే అరుగులు కట్టడంలో భాగంగా అమరి ఉన్నాయి. గోడకున్న రంధ్రాలగుండా గాలి, వెలుతురు ప్రసరిస్తాయి. తక్కువ స్థలంలో, తక్కువ వ్యయంతో ప్రతి బల్లకూ ఒక కిటికీ దక్కింది.

హైదరాబాదు బంజారాహిల్స్‌లో 2010లో ప్రారంభమైన ‘లామకాన్’ మరొక మార్గం చూపింది. ఒక పాత నివాస గృహాన్నే సాంస్కృతిక వేదికగా మార్చారు. ఆవరణలోని బండరాళ్ళను, చెట్లను తొలగించక వాటి నడుమనే కూర్చునే చోట్లు ఏర్పరిచారు. తక్కువ ధరకు టీ, సమోసా లభించే క్యాంటీను, ఉచిత ఇంటర్నెట్, నాటకాలకు, చర్చలకు వేదిక అక్కడ ఒకే ఆవరణలో కలిశాయి. ఖరీదైన అలంకరణ లేకుండానే సంభాషణా, పనీ కలిసి సాగగలవని అది నిరూపించింది.

మన ప్రాంతానికి తగిన రూపం

నగరపు నమూనాను మన ఊరికి యథాతథంగా దించుకోవడం వివేకం కాదు. నాలుగు వైపులా గాజు గోడలు కట్టి, ఆ వేడిని ఏసీ యంత్రంతో తోలడం ఆదోని ఎండలలో వ్యయప్రయాసల వ్యవహారం. పడమటి గోడను మందంగా కట్టి, ఉత్తరం వైపు పెద్ద కిటికీలు పెడితే కళ్ళు మిరుమిట్లు గొలపని వెలుతురు వస్తుంది. నేలకు బేతంచెర్ల నాపరాయి పరిస్తే చల్లగానూ, చవకగానూ ఉంటుంది. ఆ రాయి ప్రతిధ్వనింపజేసే శబ్దాన్ని తగ్గించడానికి ఎమ్మిగనూరు చేనేత వస్త్రాలను తెరలుగా, గోడ పటాలుగా వేలాడదీయవచ్చు. 1938లో అక్కడ మాచాని సోమప్ప స్థాపించిన చేనేత సహకార సంఘం నలుగురూ కలిస్తే జీవనోపాధి నిలుస్తుందని నిరూపించింది. ఆ స్ఫూర్తితోనే విద్యార్థులకొక బల్లను, దినపత్రికలకొక అరను, వేపచెట్టు నీడన ఒక అరుగును కేటాయించిన హోటలు పట్టణానికి గ్రంథాలయమంత మేలు చేయగలదు.

అరకు లోయ గిరిజన రైతులు పండించే అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది. మన కొండలలో పండిన గింజ ప్యారిస్ నగరపు కప్పులను నింపుతున్నది. ఆ గింజకు దక్కిన గౌరవం మన ఊరిలో దానిని తాగే మనిషికి కూడా దక్కాలి. తాను ఎవరైనా, చేతిలో ఎంత ఉన్నా, ఒక కప్పు ధరకు కాసేపు నిశ్చింతగా కూర్చోగలిగినప్పుడే ఆ గౌరవం అతనికీ, ఆమెకూ అందినట్లు.

కఠిన పదాలకు అర్థాలు

సహేతుకంగా = తగిన కారణాలతో
ధరవరలు = ధరల వివరాలు
సేదదీరు = అలసట తీర్చుకొను
అధికరణం = రాజ్యాంగంలోని నిబంధన
సహాధ్యాయి = కలిసి చదువుకొనేవాడు
కూడలి = పలువురు కలుసుకొనే చోటు
యథాతథంగా = ఉన్నది ఉన్నట్లుగా

అభ్యాసం

అ) క్రింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు రాయండి.
1. కాఫీ గృహాలను ‘పెన్నీ విశ్వవిద్యాలయాలు’ అని ఎందుకు పిలిచారు?
2. ‘నిలబడినవారి వేగం కూర్చున్నవారి తీరికను పోషిస్తుంది’ అనే వాక్యాన్ని వివరించండి.
3. తెరచాటు గది సగం పరిష్కారమే అని వ్యాసకర్త ఎందుకన్నాడు?

ఆ) క్రింది ప్రశ్నకు వ్యాసరూప సమాధానం రాయండి.
1. కాఫీ హోటలు రూపకల్పనలో ఎదురయ్యే మూడు ప్రశ్నలను పాఠం ఆధారంగా చర్చించండి.

ఇ) ప్రాజెక్టు పని
మీ ఊరిలోని ఒక హోటలును యజమాని అనుమతితో ఒక గంటసేపు పరిశీలించండి. ఎందరు వచ్చారు, ఎందరు కూర్చున్నారు, వారిలో స్త్రీలెందరు, ఒక్కొక్కరు ఎన్ని నిమిషాలు ఉన్నారు అనే వివరాలను పట్టికగా రాయండి. ఆ హోటలులో మీరు చేయదలచిన ఒక మార్పును కారణాలతో వివరించండి.