సొంత కెర్నల్ వేస్తున్నారా? ముందు దాన్ని డెబ్ ప్యాకేజీ చేయండి

ఫోన్‌లో కస్టమ్ కెర్నల్ ఫ్లాష్ చేసే అలవాటున్నవాళ్లకి, లాప్‌టాప్‌లోని ఉబుంటుకి కూడా సొంత కెర్నల్ వేయాలని ఎప్పుడో ఒకసారి అనిపిస్తుంది. నాకూ అనిపించింది. కెర్నల్ డాట్ ఆర్గ్ నుంచి సోర్స్ దించి, కంపైల్ చేసి, ‘మేక్ మాడ్యూల్స్_ఇన్‌స్టాల్’, ‘మేక్ ఇన్‌స్టాల్’ కొట్టేశాను. బూట్ అయింది, తెగ సంబరపడ్డాను.

నాలుగో కెర్నల్‌కి బూట్ పార్టిషన్ నిండిపోయింది. పాతవి తీసేద్దామని చూస్తే, అలాంటి ప్యాకేజీ ఏదీ లేదంది ఏపీటీ. నిజమే, మేక్ ఇన్‌స్టాల్ ఫైళ్లను నేరుగా కాపీ చేస్తుంది, డీపీకేజీకి ఆ సంగతే తెలియదు. చేత్తో డిలీట్ చేస్తూ, వాడుతున్న కెర్నల్ మాడ్యూల్స్ ఫోల్డర్‌నే లేపేశాను. రీస్టార్ట్ చేస్తే వైఫై లేదు. తెల్లారితే ప్రాజెక్ట్ సబ్మిషన్! గ్రబ్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌కి వెళ్లి ఉబుంటు ఇచ్చిన కెర్నల్‌తో బూట్ చేసి గట్టెక్కాను. దాన్ని మాత్రం ఎప్పుడూ తీసేయకండి.

ఇప్పుడు నేను చేసేది ఇదీ. బూట్ ఫోల్డర్‌లో ఉన్న ఉబుంటు కాన్ఫిగ్ ఫైల్‌ని సోర్స్‌లోకి ‘డాట్ కాన్ఫిగ్’ పేరుతో కాపీ చేసి, ‘మేక్ ఓల్డ్‌డెఫ్‌కాన్ఫిగ్’ ఇస్తాను. ఇక్కడ చాలామంది ఇరుక్కుంటారు: ఆ కాన్ఫిగ్‌లో సిస్టమ్ ట్రస్టెడ్ కీస్ అనే లైన్ కానానికల్ సర్టిఫికెట్ ఫైల్‌ని చూపిస్తుంది, మన సోర్స్‌లో ఆ ఫైల్ ఉండదు, బిల్డ్ ఆగిపోతుంది. ఆ విలువని, రివొకేషన్ కీస్ విలువని ఖాళీ చేస్తే చాలు. డీబగ్ ఇన్ఫో కూడా ఆపేయండి, బోలెడు డిస్క్ మిగులుతుంది.

తర్వాత లోకల్‌వెర్షన్‌లో మీకు గుర్తుండే పేరు పెట్టి ‘మేక్ బిన్‌డెబ్-పీకేజీ’ ఇవ్వండి. డెబ్ ఫైళ్లు ఒక ఫోల్డర్ పైన వచ్చి కూర్చుంటాయి. లినక్స్-ఇమేజ్ వేస్తే చాలు. డీకేఎంఎస్ డ్రైవర్లు వాడుతుంటే, ముందు లినక్స్-హెడర్స్ వేయండి. లినక్స్-లిబ్‌సీ-డెవ్ జోలికి పోవద్దు, ఉబుంటు వెర్షన్ అలాగే ఉండనివ్వండి.

ఇక వద్దనుకున్న కెర్నల్‌ని ఏపీటీ పర్జ్‌తో పేరు చెప్పి తీసేయడమే, మాడ్యూల్స్‌తో సహా పోతుంది. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే మాత్రం మన కెర్నల్‌కి సంతకం లేదని బూట్ కానివ్వదు. సెక్యూరిటీ అప్‌డేట్లు కూడా ఏపీటీ తెచ్చిపెట్టదు, కొత్త సోర్స్ వచ్చినప్పుడల్లా మళ్లీ మనమే బిల్డ్ చేసుకోవాలి. అంత ఓపిక లేకపోతే ఉబుంటు కెర్నలే హాయి.