మెజారిటీ ఎవరికీ రాకపోతే..?

పోటీ పరీక్షల ప్రత్యేకం – పాలిటీ

● అమెరికా: పార్టీ జాతీయ సదస్సులో ఎవరికీ మెజారిటీ రాకపోతే ప్రతినిధులు మళ్లీ మళ్లీ ఓటేస్తారు. 1924లో డెమొక్రాట్లకు మూడింట రెండొంతుల మద్దతు తప్పనిసరి. 103వ విడతలో జాన్ డేవిస్ అధ్యక్ష అభ్యర్థిగా ఎంపికయ్యారు.

● మన దగ్గర: జగ్గయ్యపేట (జనరల్), నందిగామ (ఎస్సీ) అసెంబ్లీ స్థానాల్లో అభ్యర్థులను ఖరారు చేసేది పార్టీ అధిష్ఠానాలే. పార్టీ అభ్యర్థిత్వాన్ని ధ్రువీకరిస్తూ సిరాతో సంతకం చేసిన ఫారం-ఎ, ఫారం-బి నామినేషన్ల చివరి రోజు మధ్యాహ్నం 3 గంటల్లోగా రిటర్నింగ్ అధికారికి అందాలి. గెలుపునకు సగం ఓట్లు అక్కర్లేదు, అందరికంటే ఎక్కువ వస్తే చాలు.

● రాష్ట్రపతి ఎన్నిక: 1969లో కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి నీలం సంజీవరెడ్డి. మొదటి ప్రాధాన్య ఓట్లతో ఫలితం తేలలేదు. రెండో ప్రాధాన్య ఓట్లతో వి.వి.గిరి గెలిచారు.

గుర్తుంచుకోండి: రాష్ట్రపతి ఎన్నికలో ప్రస్తుతం ఆంధ్రప్రదేశ్ ఎమ్మెల్యే ఓటు విలువ 159.