పగిలిన పెంకు ముందు, నిండు డొల్ల చివర

చిన్నపిల్లలతో కోడిగుడ్ల బొమ్మలు చేయిద్దామనుకున్న చాలా ఇళ్లలో వరస తిరగబడుతుంది. మొదటిరోజే ఖాళీ చేసిన డొల్లను పిల్ల చేతిలో పెడతారు. నాలుగేళ్ల వేళ్లకు ఎంత నొక్కితే ఎంత అవుతుందో ఇంకా తెలియదు. డొల్ల నలుగుతుంది, పిల్ల బిక్కమొహం వేస్తుంది. రెండో డొల్ల తీసేసరికి “ఇలా ఇవ్వమ్మా, నేను చేసిపెడతా” అని పెద్దవాళ్లు అందుకుంటారు. అక్కడి నుంచి బొమ్మ పెద్దవాళ్లది, పిల్లది చూడటమే.

కాబట్టి వరస మార్చండి. పగలడం తప్పు కాని పనితో మొదలుపెట్టాలి. ముందు పగిలిన పెంకులు, తర్వాత పైకప్పు ఎగిరిన డొల్లలు, తర్వాత ఉడికిన గుడ్డు, అన్నిటికన్నా చివర లోపల ఏమీలేని నిండు డొల్ల. మూడేళ్ల నుంచి ఏడెనిమిదేళ్ల దాకా పిల్లలతో ఈ వరసలో వెళితే, ఆఖరి డొల్ల దగ్గరికి వచ్చేనాటికి ఆ వేళ్లకు పని తెలిసి ఉంటుంది.

బొమ్మల కోసమని గుడ్లు ప్రత్యేకంగా కొనక్కర్లేదు. దేశంలో కోడిగుడ్లు ఎక్కువగా ఉత్పత్తి అయ్యేది ఆంధ్రప్రదేశ్‌లోనే. తెలంగాణ కూడా ముందువరసలోనే ఉంది. అంగన్‌వాడీలోనూ బడి భోజనంలోనూ పిల్లలకు గుడ్డు ఇస్తారు. వారం తిరిగేలోగా ముప్పై గుడ్ల అట్ట ఖాళీ అయ్యే ఇళ్లు ఎన్నో. తినగా మిగిలిన పెంకే మన సరుకు. రంగులకు ఫారం కోళ్ల తెల్లగుడ్లు బాగుంటాయి. నాటుగుడ్డు పెంకుకు సొంత రంగు ఉంటుంది కనుక వేసిన రంగు దాని మీద ముదురుగా తేలుతుంది. రెండూ కలిపి చేస్తే పిల్లలు ఆ తేడా వాళ్లంతట వాళ్లే చూస్తారు.

ఒక్క జాగ్రత్త ముందే చెప్పాలి. పచ్చిగుడ్డు మీద, లోపల సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి ఉండవచ్చు. పచ్చి పెంకు ముట్టుకున్న చేతులు సబ్బుతో కడగాలి, పని చేసిన బల్ల తుడవాలి, పని సాగుతుండగా చేతులు నోట్లోకి వెళ్లకూడదు. గుడ్డు పడని పిల్లలకు పెంకు కూడా ఇవ్వొద్దు. వాళ్ల కోసం కాగితం గుడ్లు ఉన్నాయి, వాటి సంగతి కూడా చెబుతాను.

పెంకుల బొమ్మ

ఆమ్లెట్ వేసిన రోజు పెంకులు చెత్తబుట్టలో వేయకుండా నీళ్లలో కడిగి ఒక గిన్నెలో పోగేయండి. పది గుడ్ల పెంకులయ్యాక పది నిమిషాలు నీళ్లలో మరగనివ్వండి. దీనివల్ల రెండు లాభాలు. సూక్ష్మజీవులు చస్తాయి, లోపలి పల్చటి పొర వదులవుతుంది. చల్లారాక ఆ పొర తీసే పని పిల్లలదే. గోటితో అంచు లేపి లాగితే పొర నిలువునా ఊడి వస్తుంది. ఈ పని మీద పిల్లలు ఎంతసేపైనా కూర్చుంటారు, తొందరపెట్టకండి. పొర ఉండిపోతే జిగురు సరిగా పట్టదు. తీసిన పెంకులను ఎండలో ఆరబెట్టాలి.

రంగు వేయడానికి నాలుగు పాత గ్లాసులు తీసుకుని, ఒక్కోదాంట్లో సగానికి నీళ్లు, ఒక చెంచా వెనిగర్, చిటికెడు మిఠాయి రంగు కలపండి. పెంకులు వేసిన కాసేపటికి వాటి మీద సన్నటి బుడగలు లేస్తాయి. పెంకులో దాదాపు అంతా కాల్షియం కార్బొనేటే. వెనిగర్‌లోని ఆమ్లం దాన్ని కొద్దికొద్దిగా కరిగిస్తుంటే వచ్చే కార్బన్ డయాక్సైడ్ ఆ బుడగలు. ఆ ఆమ్లం ఉంటేనే రంగు పెంకుకు బాగా పట్టుకుంటుంది. పది నిమిషాలు చాలు, పాత దినపత్రిక మీద పరిచి ఆరనివ్వండి. కొన్ని పెంకులు తెల్లగానే ఉంచుకోండి, అవి లేకపోతే బొమ్మకు వెలుగు రాదు.

అట్టకు పాత శుభలేఖలను మించింది లేదు. మందంగా ఉంటాయి, జిగురు తడికి వంగవు, ప్రతి ఇంట్లోనూ పేరుకుపోయి ఉంటాయి. శుభలేఖ వెనుకవైపు లావుపాటి గీతతో ఒక చేపో మామిడిపిందో గీయమనండి. వంకరగా గీసినా దిద్దకండి. అరచేతిలో సగమంత మేర ఫెవికాల్ పూసి, రూపాయి బిళ్లంత పెంకుముక్క బోర్లించి, బొటనవేలితో నొక్కమని చెప్పండి. పెంకు పటపటమని చిట్లి నాలుగువైపులా బీటలు విచ్చుకుంటుంది. పిల్లల మొహం అప్పుడు చూడాలి, ఎవరూ కోప్పడకుండా పగలగొట్టే అవకాశం వాళ్లకు ఎక్కడొస్తుంది! పళ్లపుల్లతో ముక్కలను కొద్దిగా జరిపితే మధ్యలో సన్నటి సందులు మిగులుతాయి. ఆ సందులే బొమ్మకు అందం. ఒక గడి నిండాక పక్క గడికి జిగురు పూయాలి. మొత్తం ఒకేసారి పూస్తే పిల్లలు చేరేలోపే ఆరిపోతుంది.

ఇది పిల్లల పని మాత్రమే అనుకోకండి. వియత్నాం లాకర్ చిత్రాలు చెట్టుపాల నుంచి వచ్చే ముదురు జిగురుతో వేస్తారు. ఆ జిగురులో కలిపిన తెల్లరంగు తెల్లగా నిలవదు, గోధుమవన్నెకు తిరుగుతుంది. 1925లో హనోయ్‌లో మొదలైన ఇండోచైనా లలితకళల కళాశాలలో చదివిన చిత్రకారులు తెలుపు కావలసిన చోటల్లా గుడ్డు పెంకు పొదిగారు. తెల్లటి చీర అంచు, గోడ, చంద్రుడు ఏం కావాలన్నా ఈ పద్ధతిలోనే నొక్కి, చిట్లగొట్టి, సర్ది తేవచ్చు. ఈ ముక్క పిల్లలకు చెప్పండి, తాము చేస్తున్నది నిజమైన పని అని వాళ్లకు తెలియాలి.

రెండోరోజు బొమ్మ బాగా ఆరాక, ఫెవికాల్‌లో సమంగా నీళ్లు కలిపి కుంచెతో పైన ఒక పూత వేస్తే పదునైన అంచులు గుచ్చుకోవు.

జుట్టు పెరిగే బుర్రలు

దీనికి సన్నాహం వంటింట్లోనే జరగాలి. పొరటుకు గుడ్డు కొట్టేటప్పుడు నడుం మీద కాకుండా కొస దగ్గర చెంచాతో తట్టి, పైకప్పు మాత్రమే తీయండి. ముప్పావు డొల్ల మిగులుతుంది. కడిగి, కాసేపు మరగబెట్టి, ఆరబెట్టండి. అడుగున పెద్దవాళ్లే సూదితో చిన్న రంధ్రం చేయాలి, లేకపోతే నీరు నిలిచి గింజలు కుళ్లుతాయి.

మొహం గీయడం ముందు, మట్టి నింపడం తర్వాత. తడి పెంకు మీద స్కెచ్ పెన్ను అలుక్కుపోతుంది. డొల్లను గుడ్ల అట్ట గుంటలో కూర్చోబెడితే కదలదు, పిల్లలు రెండో చేత్తో దాన్ని గట్టిగా పట్టుకోవాల్సిన పని ఉండదు. కళ్లు, ముక్కు, తాతయ్యకైతే మీసాలు, అమ్మమ్మకైతే బొట్టు. ఇంట్లో ఎంతమంది ఉంటే అన్ని బుర్రలు చేయడం నాకు చాలా ఇష్టమైన పద్ధతి. ఎవరి జుట్టు ముందు మొలుస్తుందోనని ఇల్లంతా చూస్తుంది.

చెంచాతో మట్టి ముప్పావు వంతు నింపి, రాత్రంతా నానిన మెంతులు గానీ, ఆవాలు గానీ చల్లి, పైన పల్చగా మట్టి కప్పాలి. కిటికీ దగ్గర పెట్టి రోజూ చెంచాతో కొద్దిగా నీళ్లు పోయాలి. రెండు మూడు రోజుల్లో మొలక కనిపిస్తుంది, వారం పదిరోజుల్లో కత్తిరించేంత జుట్టు. క్షవరం పిల్లలే చేస్తారు, మొద్దు కొసలున్న కత్తెర ఇస్తే చాలు. ఆ తర్వాత డొల్లను చేత్తో కాస్త చిదిపి పెంకుతోపాటే కుండీలో పాతేయవచ్చు.

ఇక ఆ గుడ్ల అట్ట. కాగితపు గుజ్జుతో చేసిందైతే, సొన మరకలు లేనిదైతే, దాచుకోండి. ఒక వరస కత్తిరించి బోర్లిస్తే గొంగళిపురుగు, ఒక్కో గుంట కత్తిరించి రేకులు చీలిస్తే పువ్వు. గుడ్లు పగలకుండా పెట్టుకునే పెట్టె వెనక ఒక కథ ఉంది. కెనడాలో పత్రిక నడిపే జోసెఫ్ కోయిల్, ఒక రైతుకూ హోటలు యజమానికీ మధ్య పగిలిన గుడ్ల గురించి సాగుతున్న తగాదా చూసి 1911లో కాగితపు గుడ్ల పెట్టె తయారుచేశాడు.

ఉల్లిపొట్టు రంగు, ఆకు అచ్చు

నా దృష్టిలో మొత్తం వరసలో పండుగంటే ఇదే. కొనాల్సింది ఏమీ లేదు, వచ్చే ఫలితం ఏ రెండు గుడ్లకూ ఒకేలా ఉండదు.

ఎర్ర ఉల్లిపాయల ఎండుపొట్టు వారంపాటు పోగేస్తే రెండు మూడు గుప్పిళ్లవుతుంది. లీటరు నీళ్లలో వేసి అరగంట మరగనివ్వండి. నీళ్లు ముదురు కషాయంలా మారతాయి. వడకట్టి, పూర్తిగా చల్లార్చి, రెండు పెద్ద చెంచాల వెనిగర్ కలపండి. పొయ్యి పని పెద్దవాళ్లది, ఇక్కడి నుంచి మొత్తం పిల్లలది. గుడ్లు ముందే గట్టిగా ఉడికించి చల్లార్చి ఉంచుకోండి. పచ్చిగుడ్డుకు ఆకు చుట్టి రంగులోనే ఉడికించే పద్ధతీ ఉంది, కానీ చిన్నపిల్లల చేతికి పచ్చిగుడ్డు ఇవ్వడం, వేడినీళ్ల దగ్గర వాళ్లను నిలబెట్టడం రెండూ నేను ఒప్పుకోను.

తర్వాత ఆకుల వేట. పెరట్లోకో, వీధి చివర చెట్టు దగ్గరికో, అదీ కుదరకపోతే కూరల సంచీ దగ్గరికో పంపండి. కొత్తిమీర రెమ్మ జల్లెడలా అచ్చుపడుతుంది. మునగాకు గుండ్రటి చుక్కలు వేస్తుంది. చింతాకు రెమ్మ గుడ్డు వంపుకు సరిగ్గా ఒదుగుతుంది, నన్నడిగితే అన్నిట్లోకీ అందమైన అచ్చు దానిదే. కరివేపాకు మందం, అంచులు లేచి లోపలికి రంగు పాకుతుంది. లేతాకు అయితేనే తీసుకోండి. జామ, మామిడి ఆకులు పనికిరావు.

గుడ్డును ముందు వెనిగర్ అద్దిన దూదితో తుడవాలి. వేళ్ల జిడ్డు ఉన్నచోట రంగు పట్టదు. ఆకును నీళ్లలో తడిపి గుడ్డుకు అంటించి, వేలితో ఈనెల వెంట నొక్కాలి. పాత పల్చటి చున్నీ ముక్కలో గుడ్డు పెట్టి, నాలుగు అంచులూ వెనక్కి లాగి, ముడతలు లేకుండా మెలిపెట్టి దారంతో బిగించి కట్టాలి. ఇక్కడ మాత్రం నాలుగు చేతులు కావాలి. పిల్ల గుడ్డ లాగి పట్టుకుంటే మీరు దారం కట్టండి. బిగువు ఎంత ఉంటే అచ్చు అంత స్పష్టం.

మూటలను రంగునీళ్లలో ముంచి, ఫ్రిజ్‌లో రాత్రంతా ఉంచండి. పొద్దున మూట విప్పడం, ఆకు ఒలవడం పిల్లలకు వదిలేయండి, ఫొటో కోసం కూడా చేయి పెట్టకండి. ఇటుకరంగు గుడ్డు మీద ఆకు ఉన్నచోట ఈనెలతో సహా తెల్లటి నీడ మిగులుతుంది. ఆరాక ఒక చుక్క నూనె అరచేతిలో వేసుకుని రుద్దితే నిగనిగలాడుతుంది. ఈ గుడ్లు తినేవే. బయట రెండు గంటలకు మించి ఉంచకుండా మళ్లీ ఫ్రిజ్‌లో పెడితే వారంలోపు పులుసులో వేసుకోవచ్చు.

బీట్‌రూట్‌తో గులాబీరంగు వస్తుందని ఆశపెట్టుకోవద్దు, పెంకు మీద అది త్వరగానే మట్టిరంగుకు దిగుతుంది. నీలానికి శంఖపుష్పాలు మరిగించిన నీళ్లు వాడండి. అందులో మాత్రం వెనిగర్ ఎక్కువైతే నీలం ఊదాకు తిరుగుతుంది.

గుడ్డు లేని గుడ్డు

గుడ్డు గడప దాటని ఇళ్లున్నాయి. అక్కడ పెద్దవాళ్లు చిన్న బుడగ ఊది కట్టి, పోస్టర్లు అంటించే మైదా గంజిలో దినపత్రిక పేలికలు ముంచి పిల్లలతో మూడు పొరలు అంటించండి. ఎండలో ఒకటి రెండు రోజులు ఆరాక బుడగను పొడిచి, ఆ తునకలు వెంటనే తీసి పారేయాలి. నోట్లో పెట్టుకుంటే గొంతుకు అడ్డం పడతాయి.

మరీ చిన్నవాళ్లకైతే గుడ్డు ఆకారంలో కత్తిరించిన తెల్లకాగితానికి పసుపునీళ్లు పూసి ఆరనిచ్చి, వంటసోడా నీళ్లలో ముంచిన కుంచె ఇవ్వండి. గీసిన చోటల్లా ఎర్రటి గీత పడుతుంది. పసుపూ సున్నమూ కలిస్తే పారాణి ఎర్రబడేది ఈ గుణం వల్లే.

నిండు డొల్ల

ఆరేళ్లు దాటాక, పై పనులన్నీ చేశాక. గుడ్డును అట్టలో నిలబెట్టి రెండు కొసల్లోనూ దబ్బనం మొనతో పెద్దవాళ్లే రంధ్రాలు చేయాలి, కింది రంధ్రం మెంతిగింజ పట్టేంత. సూదిని లోపలికి పోనిచ్చి పచ్చసొన చెదిరేదాకా తిప్పండి. నోటితో ఊదకండి, సూది తీసేసిన కొత్త సిరంజితో పై రంధ్రం గుండా గాలి నెడితే సొన కింద గిన్నెలోకి జారుతుంది. దాన్ని వెంటనే అట్టు వేసేయండి. డొల్లలోకి నీళ్లు ఎక్కించి రెండు మూడుసార్లు కడిగి, ఒకరోజు ఎండలో ఉంచాలి.

ఆరిన డొల్ల మీద పిల్లలు మైనపు క్రేయాన్‌తో చుక్కలు పెట్టి ముగ్గు కలుపుతారు. దాన్ని రంగునీళ్లలో చెంచాతో అణిచి పట్టుకుంటే మైనం ఉన్నచోట రంగు ఎక్కదు. ఉక్రెయిన్‌వాళ్ల పిసాంకా గుడ్లు ఈ సూత్రం మీదే నడుస్తాయి. కరిగిన తేనెమైనంతో గీసి, లేతరంగు నుంచి ముదురురంగు దాకా ఒక్కోదాంట్లో ముంచుతూ పోయి, చివరికి మైనాన్ని వేడికి కరిగించి తుడిచేస్తారు. 2024లో యునెస్కో ఆ కళను మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. కొలొమియా ఊళ్లో 2000లో తెరిచిన పిసాంకా మ్యూజియం కట్టడమే గుడ్డు ఆకారంలో ఉంటుంది. మన కోరమాండల్ తీరపు పాత కలంకారీలోనూ నీలిమందులో ముంచే ముందు నీలం అక్కర్లేని చోట మైనం పూసేవారు. క్రేయాన్ పట్టుకున్న పిల్లకు మచిలీపట్నం పేరు చెప్పడానికి ఇంతకన్నా మంచి సందర్భం దొరకదు.

వేలాడదీయడానికి అగ్గిపుల్లను సగానికి విరిచి, మందు లేని ముక్క నడుముకు దారం కట్టి, పై రంధ్రంలోకి నిలువుగా దూర్చండి. దారం లాగితే లోపల పుల్ల అడ్డంగా పడి నిలుస్తుంది. ఫ్యాను గాలి తగలని చోట, గోడకు జానెడు ఎడంగా కట్టండి.