ఎగ్జిమా లోపలికి పోతుందా? దానితో పాటు వచ్చే ఇతర బాధలు

"మా వాడికి నాలుగో నెలలో బుగ్గల మీద ఎర్రగా పొక్కి రసి కారింది. నానీ వద్దంటున్నా వినకుండా పైపూత రాశాం, తగ్గింది. ఇప్పుడు వాడికి ఐదో ఏడు. రాత్రిళ్లు దగ్గు, పిల్లికూతలు. పైకి వచ్చిన జబ్బును మేమే లోపలికి తోలేశామా హకీం సాబ్?"

ఈ ప్రశ్న అడిగే తల్లులు చాలామంది ఉన్నారు. అడగకుండా మనసులోనే కుమిలిపోయేవాళ్లు ఇంకా ఎక్కువ. ముందుగా జవాబు చెబుతాను: లేదమ్మా, మీరు తోలలేదు. చర్మం మానినందువల్ల ఉబ్బసం రాదు.

పెద్దల మాట ఊరికే పుట్టలేదు. చెడిన ఖిల్త్‌ను శరీరం చర్మం గుండా బయటికి నెడుతుందని యునానీ వైద్యం చెబుతుంది. దాన్ని ఆపితే లోపలి అవయవాల మీద పడుతుందేమోనన్న భయం అందులోంచే వచ్చింది. పైగా కళ్లకు కనిపించేదీ అలాగే ఉంటుంది. ముందు చర్మం, అది తగ్గాక ముక్కు, ఆ తర్వాత ఊపిరి. ఒకటి పోయి ఇంకొకటి వచ్చింది కాబట్టి మొదటిదే రెండోదిగా మారిందని అనుకుంటాం. అసలు సంగతి ఏమిటంటే ఇవన్నీ ఒకే వేరు నుంచి లేచే పిలకలు. ఒక్కొక్కటి ఒక్కో వయసులో తల ఎత్తుతుంది.

మేము నార్ ఫార్సీ, ఛాజన్ అనే జబ్బునే నేటి డాక్టర్లు ఎగ్జిమా అంటారు. మన ఇళ్లలో తామర అనే మాటను దీనికీ, గుండ్రంగా పాకే బూజు జబ్బుకూ కూడా వాడేస్తారు. రెండూ వేరు. బూజు తామర అంటుకుంటుంది, ఎగ్జిమా అంటుకోదు. ఈ తేడా తెలియక దుకాణంలో అడిగి తెచ్చుకున్న ఒకే ట్యూబును ఇంటిల్లిపాదీ రాసుకోవడం చూస్తుంటాను.

ఎగ్జిమా ఉన్నవారి చర్మం గోడకు గచ్చు రాలినట్టు ఉంటుంది. లోపలి తడి ఆరిపోతుంది, బయటి దుమ్మూ పుప్పొడీ లోపలికి దిగుతాయి. 2006లో స్కాట్లండ్‌లోని డండీ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు, వారితో కలిసి పనిచేసినవారు ఫిలాగ్రిన్ అనే ప్రోటీను జన్యువులోని లోపానికీ ఎగ్జిమాకూ సంబంధం ఉందని కనుగొన్నారు. చర్మపు పైపొరను గట్టిగా ఉంచే ప్రోటీను అది. చేప పొలుసుల్లా పొడిబారే చర్మానికీ అదే లోపం కారణం. అందుకే కాళ్ల మీద పొలుసులు, అరచేతుల్లో లెక్కకు మించిన గీతలు, మోచేతి మడతల్లో ఎగ్జిమా ఒకే మనిషిలో కలిసి కనిపిస్తుంటాయి. అందరు రోగుల్లోనూ ఈ లోపం ఉండదు. కానీ పాడైన చర్మం గుండా దిగిన వాటితో శరీరం శత్రుత్వం పెట్టుకుంటుందని, తర్వాత అవే ముక్కులోకి పోయినా, ఊపిరిలోకి పోయినా, తిండిలో వచ్చినా తిరగబడుతుందని ఇప్పుడు చాలామంది నిపుణుల అభిప్రాయం. అంటే నానీ భయం తలకిందులైంది. చర్మాన్ని మాన్చడం కాదు, మాన్చకుండా వదిలేయడమే నష్టం.

కాబట్టి ఎగ్జిమా ఉన్న బిడ్డను తీసుకొచ్చినప్పుడు చర్మం ఒక్కటే చూపించి వెళ్లిపోకండి. పొద్దున్నే వరసగా తుమ్ములు, ముక్కు దురద, నోటితో గాలి పీల్చడం, ఆటలో త్వరగా ఆయాసపడటం, తెల్లవారుజామున దగ్గు ఉంటే చెప్పండి. ఒక్కో కాలంలోనే పట్టుకునే ఈ నజ్లా కొత్తదేమీ కాదు. గులాబీలు పూసే వసంతంలో అబూ జైద్ బల్ఖీకి ముక్కు ఎందుకు కారుతుందో వివరిస్తూ హకీం జకరియా రాజీ వెయ్యేళ్లకు పూర్వమే ఒక చిన్న గ్రంథం రాశాడు. ఇక పిల్లికూతలున్న ఇంట్లో ఊదు, లోబాన్ పొగ మానేయాలి. తలంటి పోసి పొగ వేయడం మన ఆనవాయితీయే, కాదనను. కానీ ఆ పసి ఊపిరికి అది పడదు. మా మందు మొదలుపెట్టామని డాక్టరు ఇచ్చిన పీల్చే మందును మాత్రం ఆపకండి.

తిండి విషయంలో మన హకీములనే కొంత తప్పుపట్టాలి. పరహేజ్ పేరుతో గుడ్డు, చేప, మాంసం, పాలు, వంకాయ, గోంగూర అన్నీ ఒకేసారి మాన్పించేస్తాం. బిడ్డ చర్మం అలాగే ఉంటుంది, ఒళ్లు మాత్రం చిక్కిపోతుంది. ఎగ్జిమా ముదిరిన పసివాళ్లలో గుడ్డు, పాలు, వేరుశనగ పడకపోవడం మిగతా పిల్లల్లో కంటే ఎక్కువే. తిన్న కాసేపటికే దద్దుర్లు లేచినా, పెదవులు ఉబ్బినా, వాంతి అయినా ఆ ఒక్క పదార్థాన్నే ఆపి పరీక్ష చేయించండి. ఊపిరి అందకపోతే వెంటనే ఆస్పత్రికి పరుగెత్తాలి. ఏ గుర్తూ లేకుండా మాన్పించడం మేలు చేయకపోగా కీడు చేయవచ్చు. 2015లో లండన్‌లో వెలువడిన పరిశోధనలో, తీవ్రమైన ఎగ్జిమా లేదా గుడ్డు అలర్జీ ఉన్న పసివాళ్లను రెండు గుంపులు చేశారు. వేరుశనగకు దూరంగా ఉంచిన గుంపులో ఐదేళ్ల వయసుకు నూటికి సుమారు 17 మందికి దాని అలర్జీ వచ్చింది. చిన్నప్పటి నుంచీ తినిపించిన గుంపులో నూటికి 3 మందికే వచ్చింది. అలాగని రేపే మొదలుపెట్టకండి. ఎగ్జిమా తీవ్రంగా ఉన్న బిడ్డకు మొదటిసారి పెట్టేముందు డాక్టరును అడగాలి. పెట్టినా మెత్తగా నూరి కలపాలి, గింజలు గొంతుకు అడ్డుపడతాయి.

గీరిన చోట చీము పట్టడం అందరికీ తెలిసిందే. తేనె రంగు పెచ్చులు కట్టి, చుట్టూ వెచ్చగా ఎర్రబడితే సూక్ష్మజీవి చేరిందన్నమాట. అంతకంటే భయపడాల్సింది ఇంకొకటి ఉంది. పెదవి మీద జ్వరపు పొక్కు ఉన్న పెద్దవాళ్లు ఎగ్జిమా ఉన్న బిడ్డను ముద్దాడితే ఆ వైరస్ చర్మమంతా పాకవచ్చు. ఒకే సైజులో, గుంట పడినట్టు చిన్న పుండ్లు గుంపుగా లేచి, నొప్పి, జ్వరం వస్తే ఆ రోజే ఆస్పత్రిలో చూపించాలి. కంటి దగ్గర వస్తే చూపుకే ముప్పు. ఇది నా చేతి జబ్బు కాదు, ఏ హకీం చేతి జబ్బూ కాదు. పసుపు, వేపాకు ముద్ద మెత్తి రోజులు గడపకండి.

కన్ను అన్నాను కాబట్టి ఇంకొక మాట. ఈ పిల్లలు కళ్లు విపరీతంగా నులుముతారు. ఏళ్ల తరబడి నులిమితే కంటి ముందు పొర పలచబడి శంఖంలా ముందుకు పొడుచుకు రావచ్చు. చూపు మసకబారితే కళ్లజోడు మార్చి ఊరుకోక కంటి డాక్టరుకు చూపించండి. సుర్మా పెట్టకండి. బజారులో దొరికే చాలా సుర్మాల్లో సీసం ఉంటుంది.

నిద్ర సంగతి ఎవరూ అడగరు. రాత్రంతా గోకే బిడ్డ బడిలో కునుకుతాడు, చిరాకుపడతాడు, చదువులో వెనకబడతాడు. వాడితో పాటు తల్లికీ నిద్ర ఉండదు. ఎదిగిన ఆడపిల్లల బాధ ఇంకొక రకం. పెళ్లిచూపులకు నిండు చేతుల జాకెట్టు వేసి కూర్చోబెడతారు. నలుగురిలోకి రాననడం, మాట తగ్గిపోవడం, ఊరికే ఏడవడం కూడా ఈ జబ్బుతో వచ్చేవే. వాటికీ వైద్యం ఉంది. ఆ పిల్లకు పెళ్లికోసం నల్ల మెహందీ మాత్రం పెట్టించకండి. దాని నలుపు తరచుగా జుట్టు రంగులో వేసే రసాయనం వల్ల వస్తుంది, చేతులు బొబ్బలెక్కుతాయి. వట్టి గోరింటాకు వేరు.

ఇక చర్మానికి ఏం రాయాలి? స్నానం అయిన వెంటనే, ఒళ్లు ఇంకా చెమ్మగా ఉండగానే, వాసన లేని మెత్తని లేపనం గానీ కొబ్బరినూనె గానీ రాయండి. ఒడిశా వైపు పసిపిల్లలకు ఆవనూనె మర్దన చేస్తారు, ఈ చర్మానికి అది మంట. జైతూన్ నూనె బర్కత్ గలదే, నేనూ తింటాను. కానీ చర్మపు పైపొరను అది బలహీనం చేస్తుందని ఇంగ్లండులోని షెఫీల్డ్ పరిశోధకులు 2013లో చూపించారు. ఎగ్జిమా ఉన్నచోట వద్దు. వుజూ తర్వాత చేతులు రుద్దకుండా అద్ది, లేపనం పూయండి. నీరు తగిలితే పుండు పెరుగుతుందని వైద్యుడు చెబితే తయమ్ముమ్ గురించి మీ ఆలిమ్ సాబ్‌ను అడగండి.

షాహ్‌తరా, ఉన్నాబ్, చిరాయతా వంటి రక్తశుద్ధి మందులు మా దగ్గర ఉన్నాయి. మిజాజ్ చూసి, వయసు చూసి ఇచ్చేవి అవి. పేరు, లైసెన్సు నంబరు లేని పొట్లాం పొడి మూడు రోజుల్లో మాయం చేసిందంటే అందులో స్టెరాయిడ్ కలిసి ఉండవచ్చని అనుమానించండి. డాక్టరు చెప్పిన చోట, చెప్పినన్ని రోజులు రాసే స్టెరాయిడ్ పూత వేరు. దాన్ని చూసి భయపడనక్కర్లేదు.

బెంగళూరు కొట్టిగెపాళ్యలో జాతీయ యునానీ వైద్య సంస్థ ఉంది. చెన్నై, ముంబై, ఒడిశాలోని భద్రక్‌లో కేంద్ర ప్రభుత్వ యునానీ పరిశోధనా సంస్థలున్నాయి. యానాం వాళ్లకు హైదరాబాదు ఎర్రగడ్డలోని చర్మవ్యాధుల యునానీ సంస్థ ఉంది. ఎక్కడికి వెళ్లినా ఇంతవరకూ వాడిన ట్యూబులు, పొడులు, పీల్చే మందులు అన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్లండి. ఇంట్లో ఇంకెవరికి దమా ఉందో, ఎవరికి తుమ్ముల జబ్బు ఉందో నానీని అడిగి రాసుకుని వెళ్లండి.