ఆడదగిన పుస్తకం

ఒకప్పటి అమరచింత సంస్థానానికి ఆత్మకూరు రాజధాని. తిరుపతి వేంకట కవులు సందర్శించిన ఆస్థానాలలో అదీ ఒకటి. వారి ‘పాండవోద్యోగ విజయములు’ పద్యాలు రంగస్థలంపై నేటికీ మారుమోగుతున్నాయి. అయినా చందాలతో ఒక్క నాటకమే కొనగల విద్యార్థి బృందం ముందుగా ఒక పద్యాన్ని రాగయుక్తంగా పాడి చూడాలి. పాడగల గొంతు, హార్మోనియం లేనిచోట ఎంతటి గ్రంథమైనా బీరువాకే పరిమితం. చదవడానికి కొనే పుస్తకం వేరు, ఆడడానికి కొనేది వేరు.

‘కన్యాశుల్కం’ వచన నాటకం కనుక ఆ చిక్కు లేదు; చిక్కంతా కూర్పులోనే. 1897 నాటి తొలికూర్పును గురజాడ 1909లో ఎంతో పెంచి, దాదాపు తిరగరాశారు. మధురవాణి పాత్రకు నిండుదనం వచ్చింది ఈ రెండవ కూర్పులోనే. తొలికూర్పు పరిశోధకులకు విలువైనది, నటులకు కాదు. కాబట్టి కొనేవారు పీఠిక తెరచి అది ఏ కూర్పో చూడాలి. పూర్తి నాటకం గంటల తరబడి సాగుతుంది. ఉన్న నటులను లెక్కించుకొని, ఆడదలచిన రంగాలను దుకాణంలోనే గుర్తించుకోవడం మేలు.